ఆడమనిషి ఉన్న ఆటో

మా అత్త సాలవ్వ దృష్టిలో కామారెడ్డి అంటే దొంగలు తప్ప మరెవరూ లేని ఊరు. నా భర్త యోబు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాడో లేదో, ఆమె ఫోన్ వచ్చింది.

"ఎస్తేరూ, ఒక్కదానివే ఉన్నవు. ఆడమనిషి లేని ఆటో ఎక్కకు. ఎంత అర్జెంటున్నా ఎక్కకు."

"ఎక్కనత్తా."

"ఖాళీ ఆటో అయితె అసలే ఎక్కకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, నేనెక్కడికి ఊరేగుతాను? నెలలు నిండకుండా పుట్టిన నా బిడ్డ పిల్లల దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంది. అక్కడ తల్లులు ఉండే వీలు లేదన్నారు. అందుకే స్టేషన్ అవతల ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను పిండిన పాలు సీసాలో పోసి యోబు పట్టుకుపోతే నర్సు సన్న పైపుతో బిడ్డకు పోస్తుంది. ఇన్ని రోజుల్లో నేను వీధి మొహం చూసిందే తక్కువ.

ఇంటి నుంచి బట్టలు తెస్తానని ఊరికి పోయిన యోబు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. పైన వాన దంచికొట్టిందట, వాగు రోడ్డు మీదికొచ్చిందట, బస్సులు బందట. "రేపొస్త. నువ్వు రూములనే ఉండు" అన్నాడు. సరేనన్నాను.

సాయంత్రం నర్సు ఫోన్. "అమ్మా, సారు ఇయ్యాల పాపను రొమ్ముకు పెట్టి చూడుమన్నరు. మంచిగ తాగితె పైపు తీసేస్తం. ఆరింటికి సారు పోతరు, ఆలోపు రా."

కొంగు నెత్తిన కప్పుకుని, కడుపు ఒక చేత్తో పట్టుకుని చౌరస్తాకు వచ్చాను. సన్నగా వాన పడుతోంది. నడిచిపోదామంటే నాలుగు అడుగులకే కుట్లు లాగుతున్నాయి. ఒక ఆటో వచ్చింది, నిండా మగవాళ్లే. ఇంకొకటి వచ్చింది, ఖాళీ. డ్రైవర్ "ఎక్కడికమ్మా?" అన్నాడు. పొమ్మని చెయ్యి ఊపాను. అత్తను తిట్టుకున్నాను, వాగును తిట్టుకున్నాను, ఆ డ్రైవర్ మీసాలను కూడా తిట్టుకున్నాను. మనిషి మంచివాడే అయ్యుంటాడు. కానీ కాకపోతే?

కొంచెం ఎగువన పాన్ డబ్బా చూరు కింద బురఖా వేసుకున్న ఒకావిడ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా వచ్చిన ఆటోలన్నీ వదిలేస్తోంది. ఈమెకేం పోయేకాలం అనిపించింది. ఆమె ఎక్కితే ఆటోలో ఆడమనిషి ఉన్నట్టే, నేనూ ఎక్కేదాన్ని కదా. మరో ఆటోనూ ఆమె వదిలేసేసరికి నాకిక ఓపిక చచ్చింది. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి అడిగేశాను.

"ఏందక్కా, ఇన్ని ఆటోలొస్తే ఒక్కటి ఎక్కవు?"

"ఆడమనిషి లేదు కద చెల్లె. నువ్వెక్కితె నేనెక్కుదమని చూస్తున్న."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె ముందు నవ్వింది. నేను నవ్వబోయి కడుపు పట్టుకున్నాను. ఆమె పేరు రహీమా. బిచ్కుంద నుంచి వచ్చి, తల్లికి కంటి ఆపరేషన్ చేయించి, ఇక్కడే చెల్లెలింట్లో ఉంటూ కండ్ల దవాఖానలో ఉన్న తల్లికి కూడు తీసుకుపోతోంది. ఒంటరిగా ఆటో ఎక్కవద్దని ఆమె అన్న అర్షద్ కూడా రోజూ ఫోన్ చేసి ఇదే పాట పాడతాడట.

ఆ మీసాల డ్రైవరే తిరిగొచ్చాడు. ఇద్దరం కలిసి ఎక్కుతుంటే వెనక్కి తిరిగి చూశాడు. "ఇందాక వస్తి. ఇద్దరు చెరో దిక్కు మొకం పెట్టిండ్రు. ఇప్పుడు మంచోన్నయిన్నా?" అన్నాడు. మేము సర్దుకుని కూర్చున్నాం.

దారిలో నా సంగతి చెప్పాను. కండ్ల దవాఖాన ముందే వచ్చింది. ఆటో ఆగింది. ఆమె దిగితే నేనొక్కదాన్నే. కానీ రహీమా కదల్లేదు.

"పోనియ్యి భాయ్, ముందుగాల పిల్లల దవాఖానకు."

"అక్కా, మీ అమ్మ ఆకలితోని ఉంటది."

"మా అమ్మ నిన్న తిన్నది, మొన్న తిన్నది. నీ బిడ్డ ఇంక నోటితోని తినలే."

నేను పోయేసరికి డాక్టర్ సంచీ సర్దుకుంటున్నాడు. బిడ్డను నా ఒళ్లో పెట్టారు. పిడికెడు కూడా లేదు. మొదట నోరే తెరవలేదు, మొహం తిప్పేసుకుంది. నర్సు బుగ్గ మీద వేలితో రాసింది. బిడ్డ వెతికింది, పట్టుకుంది, వదిలేసింది, మళ్లీ పట్టుకుంది. గుటక పడిన చప్పుడు నాకు వినిపించింది.

బయటికొచ్చేసరికి రహీమా బెంచీ మీద డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచింది.

"తాగిందా?"

"తాగిందక్కా. పైపు తీసేసిండ్రు."

అంతవరకే చెప్పగలిగాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఇంట్లోవాళ్లకింకా ఫోనైనా చెయ్యలేదు, ఈమెకు చెప్పి ఏడుస్తున్నాను. ఆమె ఏడవకు అనలేదు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, డబ్బా మూత తీసి, రొట్టె తుంచి కూరలో అద్దింది.

"తిను. నువ్వు తినకపోతె రాత్రికి దానికి పాలెట్లొస్తయి? మా అమ్మకు సగం చాలు."

అది తన తల్లి కోసం వండిన కూడు. వద్దనాలనుకుంటూనే నోరు తెరిచాను.