ఎత్తిన మడమ

సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తూ తలెత్తేసరికి, టీవీలో నా నడుము వేరే ఆడదాని ఒంటిమీద ఊగుతోంది.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల యెస్సీ మవార్. ఈ ఏడు జావా అంతా ఆమె పాటే. కుడికి మూడు ఊపులు. డోలు ఠక్కున ఆగింది. ఒక్క క్షణం ఎడమ మడమ గాల్లో. మళ్ళీ డోలు.

తర్వాత ఇద్దరు విమర్శకులు వాదనకు దిగారు.

"ఇది పాటా? పచ్చి బజారుతనం!" అన్నాడు టోపీ పెద్దాయన.

"ఆమె ఒళ్ళు, ఆమె ఇష్టం. ఆ ఎత్తిన మడమ ఉందే, అదే ఆడదాని తిరుగుబాటు," అంది ప్రొఫెసరమ్మ.

తిరుగుబాటా! అది మేకు. పదమూడేళ్ళ కిందట జొంబాంగ్‌లో ఓ పెళ్ళివారి వేదికమీద నా బూటు చీల్చుకుని మడమలో దిగిన మేకు. పాట ఆపితే మళ్ళీ పిలవరు. మడమ ఆనించకుండానే ఆడాను. డోలు వాయించే మర్జూకి నా నొప్పి కనిపెట్టి, నాకోసం ఒక దెబ్బ ఆపాడు. ఈలలే ఈలలు. గాయం మానినా ఆ ఊపు నాదైపోయింది. మా డాంగ్‌డుట్ పాటకచేరీల్లో ప్రతి గాయనికీ సొంత ఊపు ఉంటుంది. ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు.

ఆ మర్జూకినే పెళ్ళాడాను. "మా కోడలు ఊరందరి ముందూ నడుం తిప్పుతుందా?" అంది అత్తగారు. ఆయన తల వంచుకుని, "అమ్మ మాట కాదనలేను, విన్," అన్నాడు. అప్పటినుంచీ ఆయన కచేరీ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఇప్పుడు యెస్సీ వెనక డోలు ఆయనదే.

"కాస్త కనిపెట్టుకో వినార్సిహ్, రోజూ ఆ నడుం వెనకే కూర్చుంటాడు," అని పక్కింటి తూతిక్ వదిన వేళాకోళం. నా కుళ్ళు ఆయన గురించి కాదు. ఆ దీపాలు చూసి, ఆ ఈలలు విని. ఆ పిల్ల మడమకి మచ్చయినా లేదు!

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాడు. "టెంపే మాడిందేమిటి?"

పళ్ళెం పక్కన నా పాత బూటు బోర్లించి పెట్టాను. అడుగున మేకు చిల్లు.

"యెస్సీ కాల్లో మేకు ఎప్పుడు దిగింది? ఈ ఆదివారం వేదిక నేనెక్కుతున్నాను. మీ అమ్మగారికి నేనే చెప్పుకుంటాను."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"అమ్మకి చెప్పక్కర్లేదు విన్. ఆ రోజు ఆ మాట ఆమెచేత నేనే అనిపించాను. వాళ్ళంతా నిన్ను చూస్తుంటే ఓర్వలేకపోయాను. నువ్వు మానేశాక, ఆ ఊపు చూడకుండా నేనే ఉండలేకపోయాను. అందుకే ఆ పిల్లకి నేర్పాను."