బొంబాయి కారు, కొట్టు గరాటు

తొంభై ఏడులో మా ఆయన అరవింద్ బొంబాయి నుంచి పాత ఎర్ర కారు ఒకటి కొనుక్కొచ్చాడు. చంద్రపూర్ గోల్ బజార్‌లో మాది నూనెల కొట్టు. మా వాళ్ళలో మొదటి కారు మాదే కాబట్టి మా అత్తమ్మ సాయమ్మ వారం రోజులు దానికి దిష్టి తీసింది. తమాషా ఏమిటంటే, కొన్న మనిషికి నడపాలంటే భయం. చౌరస్తా వస్తే బ్రేకు తొక్కడం మాని హారన్ కొట్టేవాడు. అందుకని నేను నేర్చుకున్నాను. అబ్బ, స్టీరింగు పట్టుకుంటే ఎంత హాయిగా ఉండేదో! పెళ్ళయ్యాక అంత సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు, ఎవరేమనుకున్నా సరే.

మొదటి రోజే బంకులో చిన్న చిక్కు వచ్చింది. ట్యాంకు మూతి సన్నంగా ఉండి పెట్రోల్ పైపు అందులో పట్టలేదు. మా ఆయన తెలివే తెలివి. కొట్టుకు పరుగెత్తి పల్లీనూనె పోసే గరాటు తెచ్చాడు.

"తాతల సంది గరాటు మీదనే బతుకుతున్నం. గిదొక లెక్కనా?" అన్నాడు.

అప్పటినుంచి ఆ గరాటు డిక్కీలోనే ఉండిపోయింది.

కొన్ని నెలలకు కారు మొండికేయడం మొదలుపెట్టింది. చదును రోడ్డు మీద బాగానే పోయేది, ఎత్తు ఎక్కాలంటే మాత్రం ఆయాసం. ఎంత తొక్కినా వేగం అందుకోదు. కాళ్ళ కింద రేకు చెప్పుల్లోంచి కాలేది. వీటన్నిటికీ మించి ఒక వాసన.

ఏం వాసనో నాకు మొదటిసారే తెలిసిపోయింది. మురిగిన గుడ్డు. మా ఇంట్లో ఉల్లిపాయకే వంద ఆంక్షలు, ఇక గుడ్డు మాట నోట రాకూడదు. మా పుట్టిల్లు పద్మాపూర్ బొగ్గు గనుల దగ్గర. పక్కింటి ఈరమ్మ కోళ్ళు పెంచేది కాబట్టి వాసన ఎరుగుదును గానీ, తిన్న పాపాన పోలేదు. అత్తమ్మకు మాత్రం నా పుట్టింటి అలవాట్ల మీద ఎప్పుడూ అనుమానమే.

"కారుల ఏం తెచ్చినవ్ పిల్లా?" అంది ఒకరోజు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"ఏం తేలే అత్తమ్మా."

"మరి గీ కంపేంది?"

ఆమె కంపు అందేగానీ పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే నీకెట్ల ఎరుక అని అడుగుతుంది కదా! ఆ సాయంత్రమే తాళంచెవి తన బొడ్లో దోపుకుంది.

"గిదేందో తేలేదాక నువ్వు బండి ముట్టొద్దు."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏడుపూ వచ్చింది. చివరికి దుర్గాపూర్ రోడ్డులో మెకానిక్ భీమన్న దగ్గరికి మాత్రం పోనిచ్చింది, అదీ తను వెనక సీట్లో కాపలా కూర్చుని.

భీమన్న ప్లగ్గులు తీశాడు, కార్బొరేటర్ కడిగాడు, తల గోక్కున్నాడు. అలాంటి బండి ఆయన చేతికి రావడం అదే మొదలు. ఎస్టీడీ బూత్‌కు పోయి, నాగపూర్‌లో తనకు పని నేర్పినాయనకు ఫోన్ చేసి వచ్చాడు.

"అక్కా, బండి సల్లారింది, నాకు వాసన తెలుస్తలే. మీకొచ్చిన వాసన ఎసొంటిది?"

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ రోడ్డు మీద పోయే బొగ్గు లారీ వైపు చూసింది.

"గదే... పాడు వాసన," అన్నాను.

"పాడంటే ఎట్ల పాడు? సరిగ్గ చెప్పకుంటే ఇంజన్ మొత్తం దించాలె."

ఇంజన్ దించితే ఆ ఖర్చుకు మా ఆయన కారు అమ్మేస్తాడు. నా స్టీరింగు పోయినట్టే. ఏమైతే అదైందని గొంతు సవరించుకున్నాను.

"మురిగిన గుడ్డు!"

ఆ మాట నేను అనలేదు. అత్తమ్మ అంది.

"కోడిగుడ్డు. బాగ మురిగింది. గదే వాసన, అనుమానమే లేదు."

భీమన్న మొహం వెలిగింది. డిక్కీలో గరాటు చూసి ఇంకా గట్టిగా నవ్వాడు. సైలెన్సర్‌కు ముందు పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటుందట, కన్వర్టర్ అంటారట. దానికి సీసం లేని పెట్రోలే పోయాలట. మా వైపు బంకుల్లో అది ఇంకా రాలేదు. సీసం కలిసిన మామూలు పెట్రోల్ పోయకూడదనే ట్యాంకు మూతి సన్నగా పెట్టారట.

"గరాటు పెట్టి మీరే దాని పాణం తీసిన్రు. పొగ పోయే తొవ్వ మూసుకపోయింది, గా కంపు గందుకే. బొంబాయి బండికి మన నీళ్ళు పడలే అక్కా. డబ్బా తీసి గొట్టం ఏస్త."

భీమన్న బండి కింద దూరగానే నేనాగలేక అడిగాను. "అత్తమ్మా, మీకెట్ల ఎరుక?"

"నీ మొగుడు కడుపుల ఉన్నప్పుడు నాకు రక్తం లేకుండె. డాక్టరమ్మ గుడ్లు తినుమన్నది. మా అత్తకు తెల్వకుండ మీ మామ పంచెల దాచి తెచ్చేటోడు. ఒకటి బియ్యం డబ్బల మర్చిపోయిన. ఇల్లంత కంపు! అత్త పిల్లిని తిట్టింది, నేను బతికిపోయిన."

"మరి నన్నెందుకు అనుమానించిన్రు?"

అత్తమ్మ చిన్నగా అంది, "ఒక్కదానివే తింటున్నవనుకున్న. గందుకే కోపమొచ్చింది."

నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. బాగైన కారు ఎత్తు మీదికి హుషారుగా ఎక్కింది. ఎక్కాక రోడ్డు పక్కన ఆమ్లెట్ బండి కనిపించింది. "ఆపు," అంది అత్తమ్మ. నా జన్మలో మొదటిసారి ఆ రోజే తిన్నాను. ఇద్దరం కారులోనే కూర్చుని తిన్నాం.

ఇంటికొచ్చాక మా ఆయన కారు తలుపు తీసి ముక్కు ఎగబీల్చాడు.

"రిపేరు అయినంక గూడ వాసనొస్తున్నదేంది?"

"గరాటు పెట్టినోనికి గదంత ఎందుకు? నోర్మూసుకొని కూసో," అంది అత్తమ్మ. తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఆమె అడగలేదు.