కుడి పాదం అచ్చు

ఓవెన్‌లోంచి తీసిన ప్లాస్టిక్ షీటు తడిబట్టలా వేలాడుతోంది. అచ్చులాయన దాన్ని ప్లాస్టర్ పాదం మీద పరిచి పంపు వేశాడు. పంపు గాలి లాగేకొద్దీ షీటు మడమను కరుచుకుంది, వేళ్ళ దగ్గర సర్దుకుంది. అరికాలి వంపు దగ్గరకొచ్చేసరికి అలిగినట్టు పైకి లేచింది. లోపల బొబ్బలు. ఈ వారంలో ఇది మూడోది.

"ఓవెన్‌ని తిట్టారు, పంపుని తిట్టారు. ఇవాళ ఎవరి వంతండీ?" అంది ముందుగదిలోంచి దుకాణం యజమానురాలు. "ఇక మిగిలింది ఒక్క షీటే. మళ్ళీ సరుకు వచ్చే నెలే."

ఆయన పాడైన షీటును ఊడదీసి మూలకి పడేశాడు. ఇరవయ్యారేళ్ళుగా జనాన్ని పాదాలతోనే గుర్తుపెట్టుకున్నాడు. వీధిలో ఎదురైతే ముఖాలు పోల్చుకోలేడు, వాళ్ళూ పలకరించరు. ఇంట్లో ఆయనతో మాట్లాడేది కుక్కరొక్కటే.

బస్సు కండక్టరు సంగతి వేరు. షుగరు మనిషి, కుడి అరికాలిలో పుండు. బరువు దాని మీద పడకుండా చెప్పులో పాదానికి అచ్చంగా సరిపడే ఈ ప్లాస్టిక్ అట్ట ఉండాలి. ఒక్క ముడత ఉన్నా అది పుండు కింద రాయే. కొలతకి వచ్చినప్పుడల్లా, "ఈ జన్మలో నా కాళ్ళు పట్టుకున్నవాడివి నువ్వొక్కడివే బావా" అని గదంతా నవ్వేవాడు. మంగళవారానికి ఇస్తానన్నాడు అచ్చులాయన. ఇవాళ శుక్రవారం.

ఎడమది మొదటిసారికే కుదిరింది. కుడి అచ్చు మడమ ఊడిపోతే, సోమవారం మళ్ళీ పోశాడు. పంపు గొట్టం మార్చాడు, రబ్బరు అంచు మార్చాడు, వేడి తగ్గించాడు. చివరికి ఏం తోచక అచ్చును ఎత్తి చెంపకి ఆనించుకున్నాడు. చల్లగా తగిలింది.

పైన ఆరింది, కడుపులో తడి. షీటు వేడికి ఆ తడే ఆవిరై పైకి తంతోంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు తను చెప్పే మాటే ఇది: ముట్టుకుని చూడు, చూసి నమ్మకు. బావ ఎదురుచూస్తున్నాడన్న తొందరలో తనే ముట్టుకోలేదు.

సన్నని వేడిలో మధ్యాహ్నం దాకా అచ్చును ఆరబెట్టాడు. అన్నం డబ్బా తెరవనేలేదు. మూడింటికి ఆఖరి షీటు పరిచి, ఊపిరి బిగబట్టి పంపు వేశాడు. షీటు వంపులోకి నీళ్ళు పారినంత మెత్తగా దిగింది. అంచులు కోసి, అరగదీసి, బొటనవేలితో అంతా తడిమాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు.

నాలుగింటికి కండక్టరు భార్య వచ్చింది.

"రెండూ అయ్యాయమ్మా," అన్నాడు, ఆమె కూర్చోకముందే.

"ఎడమది చాలన్నయ్యా." ఆమె సంచీ నోరు తెరిచి పట్టుకుంది. "బుధవారం కుడికాలు తీసేశారు. మోకాలి దాకా."

అచ్చులాయన కళ్ళు గోడ మీది క్యాలెండరులో మంగళవారం గడి మీదికి వెళ్ళాయి. తను చెప్పినరోజుకే ఇచ్చి ఉంటే? ఆమెకి అది వినబడినట్టుంది.

"కాలు తీయాలని డాక్టరు నెల కిందటే చెప్పాట్ట. ఈయనే నా దగ్గర దాచారు."

నిజమే చెప్పిందో, తన ముఖం చూసి అలా అన్నదో ఆయనకి తెలియలేదు. ఎడమది కాగితంలో చుట్టి ఇచ్చాడు.

గుమ్మం దాకా వెళ్ళి ఆమె ఆగింది. "బావకి సగం పని తగ్గించానని చెప్పమన్నారు," అంది. నవ్వబోయి, గబగబా మెట్లు దిగిపోయింది.

ఆయన బల్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. బల్ల మీద కుడి పాదపు అట్ట ఉంది, ఒక్క ముడతైనా లేకుండా, ఇంకా కాస్త వెచ్చగా.