మూడో అధ్యాయంలో తగువు

మా ఆయన నాగవంశీ నవల రాయాలనుకోవడం నాకేం బాధ కాదు. నవల రాయడం నేర్పే పుస్తకాలు కొనడమే నా ప్రాణం తీసింది. మధురవాడలో ఆఫీసు వదిలాక అందరిలా ఇంటికి రాడు. ద్వారకా నగర్ దాకా వెళ్ళి ఇంకో పుస్తకం పట్టుకొస్తాడు. ఒకటి ముగింపు ముందే రాసుకోమంటుంది. ఇంకొకటి ముగింపు ముందే తెలిస్తే నవల చచ్చినట్టే అంటుంది. ఆ రెంటికీ రాజీ కుదర్చడానికి మూడోది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క వాక్యం రాయకముందే అట్ట మీద బొమ్మ ఎలా ఉండాలో తేల్చేశాడు.

పోనీ, గోదావరి నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరిన మా మామగారి గురించి రాసుకోవచ్చు కదా. అక్కడ సంఘర్షణ లేదట. అది కావలసినంత ఉన్నది జాలరిపేటలో, మా పుట్టింట్లోనట.

సంఘర్షణ అంటే మా తమ్ముడు దొరబాబు. నాలుగేళ్ళ కిందట, ఎండ బాగా కాసిన ఓ పొద్దున చేపల వేటకెళ్ళాడు. నాన్నకి జ్వరం, అందుకని వెళ్ళలేదు. ఉన్నట్టుండి గాలి తిరిగి బోటు బోల్తా పడింది. తోటివాళ్ళు ఈదుకొచ్చారు. వాడు రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. జరిగింది అంతే.

అంతే అంటే పుస్తకాలు ఒప్పుకోవు. పాత్రకు లోపల ఏదో లోటు ఉండాలట. దొరబాబు లోటేమిటని నేను బియ్యం కడుగుతుంటే వచ్చి అడిగాడు. ఎండుచేప లేకపోతే ముద్ద దిగేది కాదు, అదే లోటు అన్నాను. విసుగుతో అన్న మాట అది. శ్రద్ధగా రాసుకున్నాడు. ఇలాంటి మనిషితో తగువు పెట్టుకున్నా దండగే.

వంశీతో వేగడం నాకు అలవాటే. నా భయమంతా నాన్న గురించి. మా నాన్న ఎల్లాజీకి చదువు రాదు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఆయన నోట వాడి పేరు రాలేదు. అలాంటిది, అల్లుడు పుస్తకం రాస్తున్నాడని తెలిశాక ఫోను చేసినప్పుడల్లా ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నాడు. తన కొడుకు అందులో ఉంటాడని ఆశ. ఆ ఆశని ఈయన ఏం చేస్తాడో ఏమో.

అనుకున్నంతా అయింది. రాసింది ఆ జీవితం తెలిసినవాళ్ళకి చదివి వినిపించమని ఏదో పుస్తకం చెప్పిందట. వద్దని మొత్తుకున్నా వినకుండా ఆదివారం జాలరిపేటకి బయల్దేరదీశాడు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. వంశీ మూడో అధ్యాయం తీశాడు.

అందులో తండ్రీ కొడుకులు పొద్దున్నే తగువు పడతారు. కొడుకు ఆ కోపంలో బోటెక్కుతాడు, తిరిగి రాడు. చావు ఊరికే వస్తే పాఠకుడు నమ్మడు, ఎవరో ఒకరు దానికి కారణం కావాలని పుస్తకంలో ఉందిగా మరి. కారణంగా మా నాన్నని పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితాలు లాక్కోబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"తగువాడితే ఆడెలాగెల్తాడు బాబూ?" అన్నాడు మెల్లగా. "ఇంట్లో తగువైన పొద్దున మేం బోటు దింపం. మా నాన్న కాడ్నుంచీ అంతే."

వంశీ కాగితాలు మడిచేశాడు. మార్చేస్తానని గొణిగాడు.

"మార్సకు. ఆ పొద్దున నాను ఆణ్ణి ఒక్క మాటన్నాను కాదు. నవ్వుతా ఎల్లినాడు. ఒక్క మాటనుంటే ఇంటికాడే ఉండిపోయేవోడు." నాన్న ఆ కాగితాల మీద చెయ్యేశాడు. "తగువుంచు బాబూ. బోటెక్కింది తీసెయ్యి. పుస్తకంలోనైనా ఆణ్ణి ఇంటికాడుంచు."

అప్పుడు కథే ఉండదు మావయ్యగారూ అన్నాడు వంశీ. అది కచ్చితంగా ఆ పుస్తకాల్లోని మాటే. వాటన్నిటినీ మూటగట్టి ఎదురుగా ఉన్న సముద్రంలో పారేయాలనిపించింది.

"నేకపోతే నేదు" అన్నాడు నాన్న.

వంశీ చెయ్యి సంచి మీదికి పోయింది. సంచిలోంచి ఏదో ఒక పుస్తకం తీస్తాడేమో, తీస్తే ఇవాళ ఆయనో నేనో తేలిపోవాలనుకున్నాను. తియ్యలేదు. చివరికి, ఆ పొద్దున తగువు పడితే దేని మీద పడేవారని అడిగాడు.

నాన్న ఆలోచించనైనా లేదు. ఎప్పట్నుంచో నోట్లో పెట్టుకుని తిరుగుతున్నట్టు మొదలుపెట్టాడు. ఇంజనుకి ఆయిలు తెమ్మంటే తేలేదు. కొత్త చొక్కాతో వల ముట్టుకుని పాడు చేసుకున్నాడు. జ్వరంతో పడున్న తండ్రికి టీ అయినా పొయ్యకుండా బయల్దేరాడు. గొంతు పెరుగుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

వంశీ పెన్ను పట్టుకుని, ఏం చెయ్యమంటావన్నట్టు నావైపు చూశాడు. రాయమన్నాను.

నాన్న అరుగు దిగి, ఖాళీ గుమ్మం వైపు వేలు చూపించాడు.

"దొరబాబూ, ఇయ్యాల బోటెక్కినావంటే కాళ్ళిరగ్గొడతాను."