తప్పిపోతే నీళ్ళ దగ్గర

బిందు తిరిగొచ్చేసరికి చెట్టు కింద తుండుగుడ్డ ఒక్కటే ఉంది. అమ్మ లేదు.

ముందు నవ్వొచ్చింది. బెంగళూరులో లాల్‌బాగ్ చూడాలని కోవూరు నుంచి బస్సెక్కొచ్చిన వాళ్ళమ్మ పిచ్చమ్మ, ఎవరో ఒకరిని పట్టుకొని చేపల రేట్లు మాట్లాడుతుంటుందిలే అనుకుంది. ఆ తర్వాత భుజాన సంచి బరువు తెలిసింది. చపాతీల డబ్బా అందులోనే ఉంది. అమ్మ ఫోనూ అందులోనే.

ఒంటిగంటకు కొంగు చాటున పొట్టకు ఇన్సులిన్ పొడుచుకొని, "డబ్బా తియ్యిమే, అరగంటలో తినకపోతే నీకు అమ్మ ఉండదు" అని నవ్వింది పిచ్చమ్మ. అప్పుడే టీమ్ లీడ్ ఫోన్. "రెండు నిమిషాలమ్మా" అంటూ సంచితో సహా లేచి, గోల లేని చోటు వెతుక్కుంటూ పోయింది బిందు. ఆఫీసులో రెండు నిమిషాలంటే నలభై.

ఇప్పుడు ఒకటీ నలభై.

"అమ్మా!" అని అరిచింది. నలుగురు అమ్మలు తిరిగి చూశారు, తన అమ్మ తప్ప. గాజు మేడ చుట్టూ పరిగెత్తింది. పెద్ద రాతిగుట్ట ఎక్కి చూసింది. రెండొందల నలభై ఎకరాలు. అమ్మయితే ఎన్ని పుట్ల వడ్లు పండుతాయో చెప్పేసేది.

"ఎట్లుంటారమ్మా?" అన్నాడు గార్డు, వచ్చీరాని తెలుగులో.

"ఆకుపచ్చ చీర, ముక్కుపుడక. ఈపాటికి ఎవర్నో తిడుతూ ఉంటుంది."

"తప్పిపోయినోళ్ళు గేటుకే వస్తారు. నాలుగు గేట్లున్నాయి, చూడండి."

కాలేజీలో సెర్చ్ అల్గారిథమ్‌ల మీద సెమినార్ ఇచ్చిన పిల్ల, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు ఏడుస్తూ పరిగెత్తింది. రెండో గేటు దగ్గర ఊపిరందక వంగిపోయింది. రెండవుతోంది. ఈపాటికి అమ్మకు చెమటలు పట్టుంటాయి. చేతులు వణుకుతుంటాయి. ఏ పొద వెనకో పడిపోయుంటే, నిద్రపోతోందనుకొని జనం దాటుకుంటూ పోతారు.

అసలు గేటుకెందుకొస్తుంది? అమ్మకు గేట్లేం తెలుసు?

ఎనిమిదేళ్ళప్పుడు, చెరువు నీళ్ళలో నిలబడి కోరికకో రొట్టె ఇచ్చిపుచ్చుకునే నెల్లూరు రొట్టెల పండగ జనంలో బిందు తప్పిపోయింది. దొరికాక వీపు మీద రెండేసి అమ్మ ఓ రూలు పెట్టింది. "తప్పిపోతే దోవ వెతకబాకు. నీళ్ళ దగ్గరికొచ్చి నిలబడు. మేమూ ఆడికే వస్తాం." ఏటా ఇల్లు కదిలేముందు అదే పాట.

చెరువు! ఇక్కడా ఓ చెరువుంది.

కట్ట కింద రాళ్ళ మీద, పాదాలు నీళ్ళలో పెట్టుకొని కూర్చొని ఉంది పిచ్చమ్మ. ఒడ్డున ఇంకో గార్డు విజిలేస్తున్నాడు. చెమటకు ఆమె రవిక తడిసి ముద్దయింది.

"ఇంతసేపామే రావడానికి?" మాట ముద్దముద్దగా వచ్చింది. "నేను... ఈణ్ణే ఉండా."

"తినమ్మా, ముందు తిను." చపాతీ ముక్క నోటి దగ్గర పెడితే పిచ్చమ్మ చెయ్యి విసిరింది. ముక్క నీళ్ళలో పడింది.

"వద్దు పో. ఆకలి లేదు."

షుగర్ పడిపోతే మొండికేస్తారని డాక్టర్ చెప్పిందే. బతిమాలింది, తిట్టింది. పిచ్చమ్మ పళ్ళు బిగించింది. రెప్పలు వాలుతున్నాయి.

"అన్నా, అంబులెన్స్ పిలువు!" అని గార్డుకు అరిచి, బిందు చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా దిగి అమ్మకు ఎదురుగా నిలబడింది. కాఫీ షాపులో కొట్టేసిన చక్కెర ప్యాకెట్లు సంచిలో ఉంటే చింపి, చపాతీలో పోసి చుట్టింది. రెండు చేతులతో పట్టుకొని, పండగలో పిలిచినట్టే పిలిచింది.

"ఆరోగ్యం రొట్టె! ఆరోగ్యం రొట్టె ఎవరికమ్మా?"

లెక్కప్రకారం కోరిక తీరినవాళ్ళే రొట్టె ఇవ్వాలి. బిందు కోరిక ఇంకా ఎదురుగా కూర్చొని వణుకుతోంది.

పిచ్చమ్మ కళ్ళు తెరిచింది. నీళ్ళలో నిలబడి ఇచ్చే రొట్టెను ఆమె ఏనాడూ కాదనలేదు. వణికే చేతులతో కొంగు పట్టింది. రొట్టె అందుకొని, కళ్ళకద్దుకొని, కొరికింది. నమిలింది. మళ్ళీ కొరికింది.

అంబులెన్స్ కూత వినబడే వేళకు కూతురి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఏందిమే, ఇంత చక్కెర పోసినావు? చంపుతావా నన్ను?"

బిందు ఆ నీళ్ళలోనే కూలబడి బావురుమంది.