అడగని వార్త

బుడమేరు ఊళ్లు ముంచిన మరుసటి ఏడు. కొల్లేరు లంకల్లో చేపల చెరువున్న ప్రతివాడికీ మబ్బు కనిపిస్తే భయం. ఏసోబు మాత్రం మబ్బు వంక చూడ్డం తగ్గించి కంప్యూటరు వంక చూడ్డం మొదలుపెట్టాడు.

రోజూ ఏలూరు వెళ్లి కంప్యూటర్ సెంటర్ నడిపే కోడలు జాయ్సీ ఇంటికి తెచ్చిన పాత కంప్యూటరది. ఏ పేపర్లో, ఏ సైట్లో కొత్త వార్త పడినా ఏరి తెచ్చే ప్రోగ్రాం అందులో ఎక్కించింది. బొమ్మలూ బటన్లూ చూస్తే మావగారికి తికమక. అందుకని నల్లతెర తీసి ప్రోగ్రాం పేరు, రెండు అడ్డగీతలు, ఆపైన ఏ గుంపు వార్తలు కావాలో దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కడం నేర్పింది. మూడో తరగతితో బడి మానేసిన మనిషి ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. వార్తల హెడ్డింగులు తెలుగులో వరసగా పడేవి. టీవీలా అరవదు, అడిగితేనే చెబుతుంది. ఆయనకు నచ్చింది అదే.

"మీకు తగ్గ జోడీ దొరికిందండీ మావయ్యగారూ," అని నవ్వింది జాయ్సీ. "ఇద్దరూ కలిసి రోజుకి పది మాటలాడరు."

"ఊఁ."

"అదిగో, ఒకటయింది."

గుంపులు కట్టమన్నది ఆయనే. చేపలు పట్టిన రోజున ఎదిగినవి ట్రేల్లోకి, చేపపిల్లలు తిరిగి చెరువులోకి పోతాయి. వార్తల్నీ అలాగే విడదీయించాడు. పెద్ద పేపర్లు 'పెద్దవి', చుట్టుపక్కల మత్స్య సంఘాల సైట్లు 'చిన్నవి'. అడిగేది ఎప్పుడూ పెద్దవాటినే.

ఆగస్టులో ముసురు పట్టింది. ఓ సాయంత్రం పక్క చెరువు వీరాస్వామి గొడుగేసుకుని వచ్చాడు.

"బాబాయ్, గూడెంలో మా బామ్మర్ది గృహప్రవేశమండీ. నీళ్లొచ్చేలా ఉంటే ఆగిపోయి గట్టు చుట్టూ వల కట్టుకుంటాను. కట్టకపోతే నీళ్లు గట్టు దాటి చేపలన్నీ కొల్లేట్లోకి పోతాయి. మీ పెట్టె ఏమంటోందండీ?"

ఏసోబు ఎప్పట్లానే 'పెద్దవి' కొట్టి చూశాడు. "ఏం లేదు."

"మీరు లేదంటే లేనట్టేనండి. ఇంకెవడు చెప్పినా నమ్మను."

అతను బస్సెక్కాడు గానీ, ఆ మాట ఏసోబును వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. పెట్టె లేదన్నది తను అడిగినవాటి సంగతి. అడగనివాటి సంగతి అదెందుకు చెబుతుంది?

లేచి వెళ్లి 'చిన్నవి' కొట్టాడు. రెండో వరసలోనే ఉంది. ఎగువ ఊరి సంఘం వాళ్లు మధ్యాహ్నమే పెట్టారు. డ్రెయిను కాలువ నిండుగా వస్తోంది, రేపటికి లంకల్లోకి నీళ్లు, వలలు కట్టుకోండి అని.

వీరాస్వామికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. అంతే.

"మన వల మన గట్టుకే చాలీచాలదండీ," అంది జాయ్సీ, ఆయన చూపు మూలనున్న వల మీదికి పోవడం చూసి. "వీరాస్వామిగారికి ఎవరో ఒకరు చెబుతారులెండి."

"నా మాట మీద వెళ్లాడమ్మా. నేను చూడకుండా చెప్పాను."

ఆయన నోట అంత పొడుగు మాట ఆమె ఎరగదు. వల ఒక కొస పట్టుకుని చిక్కులు విప్పసాగింది.

తెల్లవారి, ముసురులోనే, ఏసోబు ఆ వలని పడవలో వేసుకుని వీరాస్వామి చెరువుకి వెళ్లాడు. పల్లంగా ఉన్న పడమటి గట్టు దగ్గర దిగి, కర్రలు పాతి కట్టడం మొదలుపెట్టాడు.