ఊడని తెలుపు

ఏథెన్సు కుమ్మరివాడలో తెలెసోన్‌కున్న ఆస్తి ఒక ఆవం, రెండు సారెలు, ఒక మాట. తన కొట్లో వేసిన తెలుపు ఊడదన్నదే ఆ మాట. కుండల మీద బొమ్మల్లో మగవాళ్ల ఒళ్లు నలుపు, ఆడవాళ్ల ఒళ్లు తెలుపు. అది తాతల నాటి పద్ధతి. నలుపు మట్టిలో కలిసి కాలుతుంది కనుక పోదు. దాని మీద పూసిన తెల్లసుద్దకు మాత్రం నాలుగుసార్లు తడిస్తే పొలుసులు లేస్తాయి. పక్క కొట్ల దేవతలంతా ఏడాది తిరక్కుండా నల్లబడి మగరాయుళ్లయిపోతుంటే, తెలెసోన్ దేవతలు కడిగిన ముత్యాల్లా ఉండేవారు. ఈ సంగతి ఆయన అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆయనకు చూపు మందగించాక కుంచె కూతురు ఫిలిన్న చేతికి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, అంచుల్లో ఆకులూ తీగలూ తప్ప ఆమెకు దక్కిందేమీ లేదు. మనుషుల బొమ్మలకు కొరింథు నుంచి ఒక చిత్రకారుణ్ణి కూలికి రప్పించాలని తండ్రి ఆలోచన. ఈలోగా దెమోనస్సా అనే ముసలావిడ మనవరాలి పెళ్లికి నీళ్లకడవ కావాలని, దాని మీద అకిలీస్ ఆడవేషం కథ ఉండాలని అడిగింది.

"ఈ ఒక్కటీ నువ్వు గియ్యి," అన్నాడు తెలెసోన్ కూతురితో. "ముసలమ్మకు నచ్చితే బొమ్మలేసే బల్ల నీది. వంక పెట్టిందా, కొరింథు వాడొస్తాడు, నువ్వు ఆకులు గీసుకో."

ఆ కథ వాడలో పిల్లలకు కూడా తెలుసు. యుద్ధానికి పోతే కొడుకు బతకడని అకిలీస్‌కు ఆడవేషం కట్టి, ఒక రాజుగారి కూతుళ్ల మధ్య దాచింది తల్లి. ఒడిస్సియస్ నగలమ్మేవాడిలా వచ్చి, గొలుసుల మధ్య ఒక కత్తి పెట్టి, దాని మీద చెయ్యి వేసిన 'పిల్ల'ను పట్టుకున్నాడు.

ఫిలిన్న ఏడుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టింది. ముందు నగలు పరిచి ఉన్నాయి. ఇంకా ఎవరూ చెయ్యి చాపలేదు. ఏడుగురూ తెలుపే.

తెలెసోన్ కడవను ముక్కు దాకా తెచ్చుకుని లెక్కపెట్టాడు. "అకిలీస్ ఏడే?"

"ఉన్నాడు నాన్నా."

"అందరూ ఆడపిల్లలేగా. మగాడు నల్లగా ఉండాలని నీకు కొత్తగా చెప్పాలా?"

"తెల్లవాళ్ల మధ్య ఒక్కణ్ణి నల్లగా నిలబెడితే దారిన పోయేవాడు కూడా పట్టేస్తాడు. ఇక ఒడిస్సియస్ అంత దూరం పడవేసుకొచ్చి నగలు పరుచుకోవడం దేనికి?"

తండ్రి గడ్డంలో నవ్వు దాచుకున్నాడు. "ముసలమ్మ అడిగితే ఏం చెప్తావు మరి?"

"వెతుక్కోమంటా."

ఆయనకు చెప్పనిది ఒకటుంది. ఆరుగురికి ఆమె ఇంటి పద్ధతిలోనే తెలుపు వేసింది. బాగా మెదిపిన సుద్ద, రెండు పూతలు, పూతపూతకూ గులకరాయితో రుద్దుడు. పిడి పక్కనున్న ఏడో పిల్లకు మాత్రం నీళ్ల సుద్ద ఒక్క పూత పూసి ఊరుకుంది. అది పూయకముందే, కింది నలుపులో సూదితో గుండ్రటి కన్ను గీసింది. బొమ్మల్లో ఆడవాళ్లకు కోలకన్ను, మగవాళ్లకు గుండ్రటి కన్ను. పైన తెలుపు మీద కోలకన్నే దిద్ది, కిందిదాన్ని కప్పేసింది. తండ్రి జీవితమంతా నిలబెట్టుకున్న మాట తన చేత్తో పాడుచేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆవం చల్లారేదాకా ఆమెకు రొట్టె సయించలేదు.

తెలుపు చెక్కుచెదరకుండా కడవ బయటికొచ్చింది. దెమోనస్సా దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏడమ్మా కుర్రాడు?"

"వెతకండి అవ్వా."

"నా కళ్లకు ఆనడం లేదు. పెళ్లికూతురికి కనపడతాడేమోలే," అని గొణుక్కుంటూ పట్టుకుపోయింది. నచ్చిందనీ అనలేదు, నచ్చలేదనీ అనలేదు. ఆలివ్ కోతల దాకా చూసి కొరింథుకు కబురు పెడతానన్నాడు తెలెసోన్.

కోతలింకా మొదలు కాకముందే ముసలావిడ కడవను చంకన పెట్టుకుని వచ్చి వాడంతా వినపడేలా పిలిచింది. "అబ్బాయ్ తెలెసోన్, నీ తెలుపు ఊడింది."

పక్క కొట్టువాళ్లు సారెలు ఆపేసి మరీ చూశారు. తెలెసోన్ ముఖంలో నెత్తురు లేదు. ఫిలిన్నకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆయన కడవ అందుకుని బొటనవేలితో తడిమాడు. ఒకటో పిల్ల తెలుపు గట్టిగా ఉంది. రెండోది, మూడోది, ఆరోదాని దాకా గట్టిగానే ఉంది. పిడి పక్కన వేలికి నున్నటి నలుపు తగిలింది. అందులో గోటికి ఒక గీత దొరికింది. గోరు ఆ గీత వెంటే పోయి, గుండ్రంగా తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది.

"దీన్ని ముందే గీశావు," అన్నాడు మెల్లగా.

"అవును నాన్నా."

"నా కొట్లో. కావాలని. ఊడిపోయే తెలుపు."

"ఆరుగురికి ఊడనిదే వేశా."

"మీ గొడవ తర్వాత," అంది దెమోనస్సా. "నా మనవరాలు నీళ్లకెళ్లినప్పుడల్లా తడిచెయ్యి అక్కడే తగిలేది. ముందు చెవి నల్లబడింది, తర్వాత చెంప, మొన్న కన్ను బయటపడింది. అందాకా బావి దగ్గర ఆడాళ్లు ఒకటే పందేలు. వంగి నిలబడ్డదే అకిలీసని నేను తేనెరొట్టెలు పోగొట్టుకున్నా. రెండో మనవరాలికీ పెళ్లి కుదిరింది, ఇలాంటిదే కావాలి. ఈసారి పిడి పక్కన పెట్టకు, తొందరగా దొరికిపోతున్నాడు. ఎవరో నాకు చెప్పనూ చెప్పకు."

తెలెసోన్ కడవను ముసలమ్మ చేతికిచ్చాడు. తర్వాత పక్క కొట్టు వైపు తిరిగి, అడగకపోయినా చెప్పాడు. "మా తెలుపు ఎప్పుడు ఊడమంటే అప్పుడే ఊడుతుంది."

కొరింథుకు కబురు వెళ్లలేదు. రెండో కడవకు తెలుపు వేసే రోజున తండ్రే సుద్ద మెదిపి రెండు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిక్కగా ఉంది, ఒకటి నీళ్లగా ఉంది.

"ఈసారి ఎవరే?" అన్నాడు.

"నీకూ చెప్పను నాన్నా."

"అదీ నిజమే," అని, ఆమె నీళ్ల గిన్నెలో కుంచె ముంచేసరికి తెలెసోన్ ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.